తిలాపాపము తలా పిడికెడు: కోకోగింజ చెప్పిన సాక్ష్యము

మన పూర్వులు పురుషార్థములను లెక్కించునపుడు ధర్మమును ముందు నిలిపి, అర్థమును దాని వెనుక నిలిపిరి. ధనార్జన తప్పు కాదు. ధర్మమును విడిచిన ధనార్జనయే తప్పు. ఇది పండితుల మాట. పామరులు ఇదే సంగతిని మరియొక విధముగా చెప్పిరి: “తిలాపాపము తలా పిడికెడు.” పాపము చేసినవాడు మాత్రమే కాదు, దాని ఫలమును పంచుకొన్న ప్రతివాడును ఒక పిడికెడు మోయవలసినదే యని దాని భావము. పండించువాడు, కొనువాడు, అమ్మువాడు, ఆ వర్తకములో వాటా గలవాడు, చివరకు తినువాడు - వీరిలో ఎవరి పిడికిలి ఎంత? ఈ ప్రశ్నను తమ లెక్కల పుస్తకములలోనికే తెచ్చుకొని, దానికి జవాబు చెప్పలేక తల్లడిల్లిన ఒక వర్తక సమాజపు కథను ఈ వ్యాసమున చెప్పదలచితిని. వారు క్వేకరులను క్రైస్తవ శాఖకు చెందినవారు. కథ కోకోగింజది. దారిలో అది మన కోరంగి రేవును తాకి, తుదకు మన నూలుమిల్లుల గుమ్మమును చేరును గనుక, ఇది పరాయివారి కథ యని చదువరులు పుట త్రిప్పవలదని ప్రార్థన.

దేవుని పేరిట ధనము

క్రైస్తవ సంస్థల ధనమునకును నిర్బంధశ్రమకును గల సంబంధము తొలుత విరోధము కాదు, చెలిమి. ఈ సత్యమును దాచి చరిత్ర వ్రాయుట న్యాయము కాదు. 1710లో క్రిస్టఫర్ కాడ్రింగ్టన్ అను ధనికుడు మరణించుచు బార్బడోస్ దీవిలోని తన చెరకుతోటలు రెండింటిని ఆంగ్లేయ మతప్రచారక సంఘమైన ఎస్.పి.జి.కి వ్రాసి యిచ్చెను. అక్కడ ఒక విద్యాలయము కట్టవలెనని అతని కోరిక. తోటలతోపాటు వానిలోని బానిసలు కూడ ఆ సంఘమునకు దక్కిరి. కొంతకాలము ఆ బానిసల రొమ్ములపై కాల్చిన ఇనుపముద్రతో ‘సొసైటీ’ యను అక్షరములు వేసెడివారు. సువార్త చెప్పుటకై పుట్టిన సంఘపు పేరే వాతగా మారినది! 1834లో బానిసత్వము రద్దైనపుడు 411 మందికి గాను సంఘమునకు 8,823 పౌండ్లు పరిహారముగా లభించెను. విడుదలైనవారికి పరిహారముగా ఒక్క పెన్నీయు దక్కలేదు.

ఇదే ఎస్.పి.జి. సంఘము 19వ శతాబ్దమున మన కడప, కర్నూలు మండలములలో బడులు పెట్టినది; పేదలకు అక్షరము నేర్పినది. ఆ మేలును మరువరాదు. కాని మేలుచేయు చేతికి వచ్చిన ధనము ఎచ్చటినుండి వచ్చినదని అడుగుట ఆ మేలును కాదనుట కాదు. 2006లో ఇంగ్లండు చర్చి మహాసభ ఈ పాపమును పేర్కొని క్షమాపణ తీర్మానము చేసినది. అటుపిమ్మట తన పాత లెక్కలను శోధింపజేసి, పేద గురువుల పోషణకై 1704లో స్థాపితమైన ‘క్వీన్ ఆన్ బౌంటీ’ యను నిధి, బానిసలను రవాణా చేసిన సౌత్ సీ కంపెనీలో పెట్టుబడులు పెట్టినట్లు వెల్లడించి, 2023 జనవరిలో 10 కోట్ల పౌండ్ల ప్రాయశ్చిత్త నిధిని ప్రకటించినది. మూడు వందల ఏండ్ల నాటి చిట్టా పుస్తకము కూడ సాక్ష్యము చెప్పగలదని దీనివలన తెలియుచున్నది.

చక్కెర మానిన చేతులు

ఇట్టి కాలములోనే వేరు దారిని నడిచినవా రుండిరి. అమెరికాలోని న్యూజెర్సీ ప్రాంతమున 1720లో పుట్టిన జాన్ వుల్మన్ అను క్వేకరు యువకుడు ఒక దుకాణమున గుమాస్తాగా ఉండెను. ఒకనాడు యజమాని ఒక బానిస స్త్రీని అమ్మి, విక్రయపత్రము వ్రాయుమనెను. వుల్మన్ వ్రాసెను; కాని ఆ కలము బరువు అతని మనసును విడువలేదు. పిమ్మట మరల నిట్టి పత్రము వ్రాయుమన్నపుడు వ్రాయనని చెప్పెను. బానిసలుగల ఇంట ఆతిథ్యము పొందిన సందర్భములలో, తనకు సేవచేసిన బానిసలకు కూలి యిచ్చి కదలెడివాడు. రంగువేయని బట్టలు కట్టెను. బానిసలు పండించిన చక్కెరను విడిచెను. అతనివంటివారి ఓర్పుగల బోధవలన ఫిలడెల్ఫియా క్వేకరుల వార్షికసభ 1758లో బానిసలను కొని అమ్మువారిని సభాకార్యములనుండి తొలగించెను. 1776లో బానిసలను ఉంచుకొనువారు సభ్యులుగా ఉండరాదని నిర్ణయించెను.

1791లో ఇంగ్లండు పార్లమెంటు బానిసవర్తక నిషేధమును త్రోసిపుచ్చినపుడు, విలియం ఫాక్స్ అను నతడు ప్రచురించిన చిన్న పుస్తకము ఇంటింట చదువబడెను. వెస్టిండీస్ చక్కెర కొనువాడు బానిసను కొరడాతో కొట్టువానితో సమానుడని దాని సారాంశము. సుమారు 3 లక్షలమంది ఆ చక్కెరను మానిరని థామస్ క్లార్క్‌సన్ అంచనా. ఇది చట్టసభ చేసిన పని కాదు. వంటయింటి స్త్రీలు, చిల్లర వర్తకులు చేసిన పని.

కోరంగి రేవు

ఇచ్చట మన ప్రసంగము వచ్చుచున్నది. వెస్టిండీస్ చక్కెరకు బదులుగా ధర్మపరులు కొన్నది ఏది? ఈస్టిండియా చక్కెర, అనగా మన దేశపు చక్కెర. ‘బానిసలు చేయని చక్కెర’ యని పింగాణి గిన్నెలపై వ్రాయించి అమ్మిరి. కాని ఆ దినములలో మన దేశమున బానిసలు లేకుండిరా? ఉండిరి. 1833 నాటి బానిసత్వ రద్దు చట్టమున ఈస్టిండియా కంపెనీ పాలించు భూభాగములను ప్రత్యేకముగా మినహాయించిరి. ఇచ్చటి బానిసత్వమునకు న్యాయస్థానములలో గుర్తింపు లేకుండ చేసిన చట్టము 1843లో గాని రాలేదు. గిన్నెపై వ్రాత మంచిదే. గిన్నెలోని చక్కెర పుట్టుకను మాత్రము ఎవరును వచ్చి చూడలేదు.

అంతకు మించిన విపరీతము తరువాత జరిగినది. విడుదలైన బానిసలు చెరకుతోటలను వదలిపోగా, ఆ ఖాళీని పూరించుటకు తోటల యజమానులు మన దేశమువైపు చూచిరి. యానామునకు కూతవేటు దూరమున నున్న కోరంగి రేవునుండి, విశాఖపట్టణమునుండి, చెన్నపట్టణమునుండి తెలుగు కూలీలు ఓడలెక్కిరి. 1834 పిదప మారిషస్ దీవికి, 1860 పిదప నేటాలునకు, 1903 నుండి మదరాసు మీదుగా ఫిజీకి - అయిదేండ్ల ఒప్పందముపై వేలిముద్ర వేసి, చదువురాని మనవారు చెరకు నరకబోయిరి. ఒప్పందము మధ్యలో పని మానినవానికి శిక్ష కలదు. ఇంగ్లండులో బానిస చక్కెర మానిన ఇంటివారి మనుమలు త్రాగిన తేనీటిలో మన తాతల చెమట కరిగియుండవచ్చును.

ఈ పద్ధతిని అంతమొందించుటకు పోరాడినవారిలో ఒక క్రైస్తవ గురువును మనము స్మరింపవలెను. సి. ఎఫ్. ఆండ్రూస్ 1915లో డబ్ల్యు. డబ్ల్యు. పియర్సన్‌తో కలసి ఫిజీకి పోయి, కూలీల బారకాసులను స్వయముగా చూచి, 1916లో నివేదిక ప్రకటించెను. మన దేశనాయకుల ఆందోళనకు అది ఆధారమైనది. 1917లో కూలీల సేకరణ నిలిచిపోయెను. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందములు రద్దయ్యెను.

కోకో దీవులు

ఇక అసలు కథ. 1824లో బర్మింగ్‌హామ్ నగరమున జాన్ కాడ్బరీ యను క్వేకరు ఒక అంగడి తెరచెను. మద్యమునకు మారుగా జనులు కోకో త్రాగవలెనని అతని కోరిక. కుమారులు రిచర్డ్, జార్జి దానిని పెద్ద పరిశ్రమగా పెంచి, 1879లో బోర్న్‌విల్ అను చోట కర్మాగారము కట్టిరి. పనివారికి ఇండ్లు, తోటలు, ఆటస్థలములు ఏర్పరచిరి. ధర్మమును లాభమును ఒక కాడికి కట్టవచ్చునని లోకమునకు చూపినవారుగా పేరు పొందిరి.

1901లో ఆ కుటుంబమునకు చెందిన విలియం కాడ్బరీ ట్రినిడాడ్‌లో ఒక మాట వినెను: తాము కొనుచున్న కోకోలో సుమారు సగము వచ్చుచున్న సాన్ తోమే దీవిలో పనిచేయువారు బానిసలేనట! ఆఫ్రికా పడమటి తీరమున, భూమధ్యరేఖ యొద్ద నున్న సాన్ తోమే, ప్రిన్సిపే దీవులు నాడు పోర్చుగల్ ఏలుబడిలో నుండెను. కొలది కాలమునకే ఆ దీవిలోని ఒక తోట అమ్మకపు పట్టిక అతని చేతికి వచ్చెను. అందు ఆస్తుల వరుసలో 200 మంది నల్ల కూలీలు, వారి వెల 3,555 పౌండ్లు అని వ్రాసియుండెను. కూలికి వచ్చినవానికి వెల ఉండదు. వెల ఉన్నవాడు కూలి కాడు.

పోర్చుగల్ చట్టము ప్రకారము బానిసత్వము 1870ల నాటికే రద్దైనది. కాగితముపై వారు ‘సెర్విసాయిస్’, అనగా అయిదేండ్ల ఒప్పందపు సేవకులు. కాని అంగోలా లోనాడున అప్పునకో, తుపాకికో, సారాయికో మారుగా చేజిక్కించుకొన్న మనుష్యులను వందల మైళ్లు నడిపించి రేవునకు తెచ్చెడివారు. అచ్చట ఒక అధికారి ఎదుట నిలబెట్టి, సమ్మతమేనా యని ఒక మాట అడిగి, మెడలో అంకెవేసిన తగరపు బిళ్లయు, ఒప్పందపు కాగితము దూర్చిన తగరపు గొట్టమును కట్టి ఓడ యెక్కించెడివారు. అయిదేండ్లు గడచినను అంగోలాకు తిరిగి వచ్చినవా డుండెడివాడు కాడు. 1904-05లో ఆ దారిని నడచిన హెన్రీ నెవిన్సన్ అను పత్రికారచయిత, బాటప్రక్కన చెట్లకు వ్రేలాడుచున్న కొయ్యబొండలను, పడిపోయినవారి ఎముకలను చూచి 1906లో గ్రంథము వెలువరించెను.

విలియం కాడ్బరీ ఏమి చేసెను? 1903లో లిస్బను నగరమునకు పోయి మంత్రులను, తోటల యజమానులను కలిసెను. క్రొత్త కార్మిక నిబంధనలు వచ్చినవి, అవి అన్నియు సరిచేయునని వారనిరి. వేచి చూచెను. 1905లో జోసఫ్ బర్ట్ అను క్వేకరును పోర్చుగీసు భాష నేర్పించి దీవులకు, అంగోలాకు పంపెను. బర్ట్ 1907లో తిరిగి వచ్చి, నెవిన్సన్ వ్రాసినది నిజమేనని తెలిపెను. ఇంగ్లండు విదేశాంగ శాఖ మరికొంత ఓపికపట్టుమనెను. ట్రాన్స్‌వాల్ బంగారు గనులకు పోర్చుగల్ వలసయైన మొజాంబిక్‌నుండి కూలీలు కావలసియుండుట ఆ ఓపిక వెనుకనున్న కారణములలో ఒకటి. విలియం 1908లో స్వయముగా బయలుదేరి వెళ్లెను. 1909 మార్చిలో కాడ్బరీ, ఫ్రై, రౌంట్రీ యను మూడు క్వేకరు సంస్థలు ఆ దీవుల కోకోను ఇక కొనమని ప్రకటించినవి. విన్ననాటినుండి మాననాటికి 8 సంవత్సరములు.

ఒక ఫార్దింగు తీర్పు

ఈ లోపల 1908 సెప్టెంబరున ‘స్టాండర్డు’ అను దినపత్రిక, బోర్న్‌విల్‌లో పనివారికి తోటలు వేయు ధర్మాత్ములు సాన్ తోమే బానిసల కష్టమును పుణ్యముగా అనుభవించుచున్నారని ఎత్తిపొడిచెను. జార్జి కాడ్బరీకి చెందిన పత్రిక దక్షిణాఫ్రికా గనులలోని చీనా కూలీల దుస్థితిని ఖండించియుండుట ఆ పరిహాసమునకు పదును పెట్టెను. కాడ్బరీలు పరువునష్టపు దావా వేసిరి. 1909 చివర బర్మింగ్‌హామున విచారణ జరిగెను. ప్రతివాది పక్షమున ఎడ్వర్డ్ కార్సన్ అను మహాన్యాయవాది విలియంను బోనులో నిలిపి ప్రశ్నించెను. అది బానిసత్వమేనని మీరు ఎరుగుదురా యన, ఎరుగుదునని విలియం దాచక ఒప్పుకొనెను. ఈ 8 ఏండ్లలో మీ కోకో తయారగుటకు ఎందరు ప్రాణములు విడిచిరో లెక్కకట్టితిరా యని కార్సన్ తుది ప్రశ్న వేసెను. లేదనుట తప్ప వేరు జవాబు లేకపోయెను.

జూరీ కాడ్బరీల పక్షముననే తీర్పు చెప్పెను; నష్టపరిహారము మాత్రము ఒక ఫార్దింగు - అనగా పెన్నీలో నాలుగవ వంతు. మన లెక్కలో అది గుడ్డిగవ్వ. మీపై వేసిన నింద పూర్తిగా నిజము కాదు. కాని మీ పరువునకు కలిగిన నష్టము ఇంతే యని ఆ పన్నెండుగురు చెప్పిన ధర్మసూక్ష్మముగా దీనిని గ్రహింపవచ్చును.

చదువరులారా, ఇచ్చట తొందరపడి తీర్పు చెప్పుట సులభము. విలియం వాదము ఇది: కొనువాడనుగా ఉన్నంతవరకే నా మాటను తోటల యజమానులు విందురు, నేను విడిచిన మరునాడే ఆ గింజలను మరియొకడు కొనును, బానిసకు మేలు కలుగదు. ఈ మాటలో నిజము లేకపోలేదు. వారు మానిన పిమ్మట ఆ కోకో ఇతర దేశముల వర్తకులకు అమ్ముడుపోయినది. కాని ‘మాట వినును’ అను ఆశకు గడువు ఉండవలెను. గడువు లేని ఓర్పు బానిసకు శిక్ష, వర్తకునకు లాభము. ఈ 8 ఏండ్లలో కాడ్బరీలు పోగొట్టుకొన్నది ఏమియు లేదు. ఓర్పు వెల నంతయు దీవులలోని కూలీలే చెల్లించిరి. వీరు చేసిన మేలును తక్కువచేయక, ఈ తేడాను గుర్తుంచుకొనుటయే ఈ కథలోని నీతి.

తరువాత కాడ్బరీలు గోల్డ్‌కోస్టు, అనగా నేటి ఘానా, చిన్న రైతుల కోకోవైపు మరలిరి. 1911 నాటికి ఆ దేశము ప్రపంచమున మొదటి స్థానము పొందెను. సాన్ తోమే దీవులు 1975 జులై 12న స్వతంత్రమైనవి. కథ అంతటితో సుఖాంతమైనదా? కాలేదు. 2001లో ప్రపంచ చాక్లెట్ సంస్థలు పడమటి ఆఫ్రికా కోకోతోటలలో బాలకార్మికుల ఘోరస్థితిని 2005 లోపల తొలగింతుమని ఒడంబడిక చేసికొన్నవి. గడువు దాటిపోయెను. 2020లో వెలువడిన షికాగో విశ్వవిద్యాలయ పరిశోధన ప్రకారము 2018-19లో ఘానా, ఐవరీకోస్టు దేశముల కోకో పనిలో 15 లక్షలకు పైగా బాలబాలికలు ఉండిరి. వీరిలో పెక్కుమంది తమ కుటుంబపు పొలములలోనే పనిచేయువారు గనుక అందరును నిర్బంధితులనరాదు. కాని గింజ చౌక యగుటకు ఎవరో ఒకరు వెల చెల్లించుచునే యున్నారు.

వాటాదారుని పిడికెడు

వర్తకుని బాధ్యత తెలిసినది. వాటాదారుని మాట యేమి? 1971లో అమెరికాలోని ఎపిస్కోపల్ చర్చి, జాతివివక్ష పాటించుచున్న దక్షిణాఫ్రికాలో వ్యాపారము మానుమని జనరల్ మోటార్స్ వాటాదారుల సభలో తీర్మానము పెట్టెను. అది ఓడిపోయినను దారి ఏర్పడినది. అదే కాలమున క్రైస్తవ సంస్థల పెట్టుబడులను ఒక త్రాటిపైకి తెచ్చు సమితి న్యూయార్కులో పుట్టినది. తరువాత ఇతర మతములవారు కూడ అందు చేరిరి. ఇంగ్లండులో 2015 నాటి ఆధునిక బానిసత్వ చట్టము, ఏటా 3 కోట్ల 60 లక్షల పౌండ్లకు మించిన వ్యాపారముగల సంస్థలు తమ సరకుల పుట్టుకలో నిర్బంధశ్రమ లేకుండ ఏమి చేసినవో ప్రకటింపవలెనని విధించినది. చర్చిల ధనమును, ధర్మసంస్థల ధనమును నిర్వహించు సి.సి.ఎల్.ఎ. 2019లో ఇతర పెట్టుబడిదారులను కూడగట్టి, ‘కనుగొనుడు, సరిచేయుడు, నివారింపుడు’ అను ప్రయత్నము నారంభించెను. కనుగొనలేదని చెప్పు సంస్థ నిర్దోషి కాకపోవచ్చును, వెదకనిదై యుండవచ్చును అనునదే దాని మూలసూత్రము. 2021లో ప్రపంచమున 2 కోట్ల 76 లక్షలమంది నిర్బంధశ్రమలో ఉన్నట్లు అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా.

మన గుమ్మము

వెట్టిచాకిరి యను మాట తెలుగువానికి నిఘంటువు చూచి నేర్వవలసిన పని లేదు. తెలంగాణ పల్లెలు దానిని ఎరుగును. కొరాపుట్ ప్రాంతమున నివసించు మన సోదరులు ‘గోతి’ యను పేర దానిని ఎరుగుదురు. రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. 1976 చట్టము వెట్టికార్మికుల అప్పును రద్దుచేసినది. 1982లో సుప్రీంకోర్టు, కనీసవేతనమునకు తక్కువ కూలికి పనిచేయించుట కూడ నిర్బంధశ్రమయే యని, ఆకలి కూడ ఒక నిర్బంధమేనని విశదపరచినది.

అయినను 2011, 2014 సంవత్సరములలో వెలువడిన నివేదికలు తమిళనాటి కొన్ని నూలుమిల్లులలోని ‘సుమంగళి’ పద్ధతిని లోకమునకు చూపినవి. పేదయింటి కన్యలను మూడేండ్ల పనికి తీసికొని, హాస్టలు గోడల నడుమ ఉంచి, గడువు ముగిసిన పిమ్మట పెండ్లిఖర్చులకు ఒక్కమొత్తముగా సొమ్ము ఇత్తుమని చెప్పు పద్ధతి యది. మధ్యలో జబ్బుపడి వెళ్లిన పిల్లకు ఆ మొత్తము దక్కకపోవచ్చును. మంగళకరమైన పేరు పెట్టి సంకెల వేయుట గిన్నెపై వ్రాత వంటిదే. ఆ నూలుతో నేసిన బట్టలు అమ్ము విదేశీ సంస్థలను ప్రశ్నించినవారిలో పైన చెప్పిన క్రైస్తవ పెట్టుబడిదారుల సమితియు కలదు.

కోయంబత్తూరు ప్రాంతపు మిల్లు పరిశ్రమ చరిత్రలో తెలుగు కుటుంబములకు గల స్థానము మనకు గర్వకారణము. మిల్లులన్నియు నట్టివి కావు. న్యాయముగా నడచిన మిల్లులు పెక్కు కలవు. కాని మనలో యజమానులు కలరు, వాటాదారులు కలరు, ధర్మసత్రముల నిధులను బ్యాంకులలోను కంపెనీలలోను నిలువచేయు ధర్మకర్తలు కలరు. ఓడలెక్కిన కూలీల బంధువుల సంతతివారును మనలోనే కలరు. రెండు వైపుల కష్టసుఖములు ఎరిగిన సమాజము మనది. తాతను కూలిగా అమ్మిన పద్ధతిని తలచి కన్నీరు పెట్టు మనము, మనుమని ధనమును ఎవరి పిల్లను బంధించి పెంచుచున్నామో అడుగకుండుట తగునా?

అడుగుటకు గొప్ప చదువు అక్కరలేదు. విలియం కాడ్బరీకి ఆ తోట పట్టిక చూచిననాడే తట్టిన ప్రశ్నలు చాలును. ఈ పనివాడు తన యిష్టమున వచ్చెనా? కూలి ఏమి, అది అతని చేతికే అందుచున్నదా? విడిచి వెళ్లదలచినచో నేడే వెళ్లగలడా? మూడవ ప్రశ్నకు ‘కాదు’ అను జవాబు వచ్చిన చోట మొదటి రెండింటికి ఎంత చక్కని జవాబులున్నను అది దాస్యమే. ఈ ప్రశ్నలు అడిగి, సరిచేయుటకు గడువు పెట్టి, గడువు దాటినచో ధనము వెనుకకు తీసికొనుట - ఇంతకు మించిన రహస్యము ఇందు లేదు.

పాపమును తలా పిడికెడు పంచుకొనుట మన ఇష్టముతో జరుగునది కాదు. ఫలము తిన్ననాడే అది మన పిడికిలిలోనికి వచ్చిచేరును. బాధ్యతను తలా పిడికెడు పంచుకొనుట మాత్రము మన ఇష్టమునకు విడువబడినది. మన సంఘపు వచ్చే వార్షిక సభలో లెక్కలు చదువునపుడు, నిధి ఎంత యున్నదను ప్రశ్నతోపాటు, అది ఎచ్చట నున్నదను ప్రశ్నను కూడ ఒకరు లేచి అడిగినచో, ఈ వ్యాసము వ్రాసినందుకు ఫలము దక్కినదని తలంతును.